సీతాఫలానికి చలిదేశంలో చుట్టాలు

(గుంటూరులో సంక్రాంతికి ముందు ఒక సాయంత్రం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. చలిదేశాలలో పండ్ల చెట్ల గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలకే మఫ్లరు చుట్టుకుని పాలప్యాకెట్టుకు బయలుదేరే గుంటూరు వాళ్ళం, మైనస్ 18 డిగ్రీలలో బతికే చెట్ల సంగతి మాట్లాడుకోవడం ఏమిటి? అయితే పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్నవారు చెయ్యి ఎత్తండి అని ఇప్పుడే అడిగాను కదా. ఎత్తిన చేతులకన్నా ఎత్తనివి లెక్కపెట్టడమే సులువుగా ఉంది. మనం అక్కడికి వెళతాం, ఆరు నెలలు ఉంటాం, ఇంటి వెనక పెరడు ఖాళీగా కనిపిస్తుంది, చెయ్యి ఊరుకోదు. ఏదో ఒకటి నాటుతాం. అది అక్టోబరు చివర ఒక రాత్రికి రాత్రి నల్లబడిపోతుంది. ఈ నేలలో ఏమీ బతకదురా అని కొడుకుతో అనేసి విమానం ఎక్కుతాం. అవునా, కాదా?

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా వృక్షశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి. గత తొమ్మిదేళ్ళుగా ఏడాదిలో సగం న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కాబట్టి ఈ సాయంత్రం చెప్పబోయేది కొంత చదివినది, కొంత చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. ఈ సందర్భంలో చేతులు కాల్చుకోవడం అనకూడదేమో, గడ్డకట్టించుకోవడం అనాలేమో.

చెప్పదలచుకున్నవి రెండే మాటలు. మనకు అలవాటైన పండును అక్కడికి మోసుకుపోవడం మానేసి, ఆ పండుకు చలిదేశంలో పుట్టిన చుట్టం ఎవరో వెతికి ఆ చెట్టును నాటుకోవాలి, ఇది మొదటిది. చెట్టును చంపేది చలి కాదు, వేళ తప్పిన చలి, ఇది రెండవది. ఈ రెండో మాటను ఇంకా నాలుగైదుసార్లు అంటాను, విసుక్కోకండి.

ముందుగా మంచు అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మన తెలుగులో మంచు ఒక్కటే మాట. తెల్లవారి గడ్డి మీద మెరిసేదీ మంచే, హైవే మీద లారీలు కనపడకుండా కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. చెట్టుకు మాత్రం ఇవన్నీ ఒకటి కావు. ఆకాశం నుంచి దూదిలా కురిసే మంచు, స్నో, చెట్టుకు దుప్పటి వంటిది. నేల మీద అడుగు మందాన స్నో ఉంటే పైన గాలి ఎంత చల్లగా ఉన్నా కింద వేళ్ళు సున్నాకు అటూ ఇటూగా హాయిగా ఉంటాయి. ఫ్రాస్ట్ అనేది వేరు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలని రాత్రి, నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడితే, తెల్లవారేసరికి ఆకుల మీద ఉప్పు చల్లినట్టు ఒక తెల్లని పొడి కనిపిస్తుంది. అది శత్రువు. స్నో పడుతున్న ఫోటో పిల్లలు పంపితే చెట్టు గురించి కంగారు పడకండి. ఏప్రిల్ నెలలో, ఆకాశం నిండా చుక్కలు కనిపిస్తున్నాయి నాన్నగారూ అని ఫోన్ చేస్తే అప్పుడు కంగారు పడండి.

మరి చెట్టు చలిని ఎలా తట్టుకుంటుంది? మనం అటూ ఇటూ తిరుగుతాం, రగ్గు కప్పుకుంటాం. చెట్టు కదలదు. లోపల నీళ్ళున్నాయి, నీళ్ళు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. కణం లోపల గడ్డకడితే ఆ పలుకులు కణాన్ని చీల్చేస్తాయి, అది చావు. అందుకని చెట్టు ఏం చేస్తుందంటే, కణం బయట, కణాల సందుల్లో ఉన్న నీటిని ముందు గడ్డకట్టనిస్తుంది. ఆ గడ్డ కణం లోపలి నీటిని మెల్లగా బయటకు లాగుతుంది. లోపల మిగిలేది చిక్కని చక్కెర నీళ్ళు. బెల్లం పాకం సంగతి ఇక్కడున్న అమ్మలకు నేను చెప్పాలా? నీళ్ళ గిన్నె డీప్ ఫ్రిజ్‌లో రాయి అవుతుంది, పక్కనే పెట్టిన ముదురు పాకం రాయి కాదు. చలిదేశపు చెట్టు శీతాకాలానికి ముందు చేసే పని తన కణాలలో పాకం పట్టుకోవడమే.

ఈ పాకం ఒక్క రోజులో కుదిరేది కాదు, దానికి వారాలు పడుతుంది. చలి వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది కాబట్టి చెట్టు ముందే మొదలుపెట్టాలి. దానికి కబురు ఎవరు చెబుతారు? పగటి పొద్దు చెబుతుంది. రోజుల నిడివి తగ్గుతున్న కొద్దీ చెట్టు చిగురు ఆపి, మొగ్గలు బిగించి, ఆకు రాల్చి నిద్రకు సిద్ధమవుతుంది. పగలు రాత్రుల నిడివిని మొక్క లెక్కపెట్టుకుంటుందని 1920లో ప్రచురించిన అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ ఏ మొక్క మీద పని చేస్తూ ఆ సంగతి కనిపెట్టారో తెలుసా? పొగాకు మీద. పొగాకు బోర్డు ఉన్న ఊళ్ళో ఈ మాట చెప్పకుండా పోతే తప్పు.

మన మామిడికి, జామకు ఈ లెక్క లేదు. వాటి తాతముత్తాతలకు నిద్రపోయే అవసరం రాలేదు. వాటికి ధైర్యం చాలకపోవడం కాదు, కబురు అర్థమయ్యే చెవి లేకపోవడం.

నిద్ర సంగతి వచ్చింది కాబట్టి దాని రెండో సగం కూడా చెప్పాలి. చలిదేశపు చెట్టు ఒకసారి పడుకుంటే రెండు రోజులు ఎండ కాసిందని లేవదు. సున్నాకు పైన, 7 డిగ్రీలకు దిగువన ఇన్ని గంటలు గడిచాయి అని లెక్క పూర్తయితేనే లేస్తుంది. వీటిని చలి గంటలు అంటారు. చాలా ఆపిల్ రకాలకు 800 నుంచి 1000 గంటలు కావాలి. దానిమ్మకు, అంజూరానికి 100, 200 గంటలు చాలు. ఇప్పుడు మీరే చెప్పండి, గుంటూరులో ఏడాదికి ఎన్ని చలి గంటలు? సున్నా. అయినా మన రోడ్ల పక్కన సైకిలు బండి మీద కాశ్మీరు ఆపిల్ అంట్లు అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాం. మా వీధిలో ఒకాయన దాన్ని నాలుగేళ్ళు పెంచారు. పూత పూయకుండా ఊరికే ఆకులు వేసింది. హిమాచల్‌లో హరిమన్ శర్మగారు పెంచి తీసిన హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 వంటి తక్కువ చలి కోరే రకాలు వేరే కథ, అది మరో రోజు మాట్లాడుకుందాం.

ఇక వేళ తప్పిన చలి. 1894 డిసెంబరు చివరలో ఫ్లోరిడాలో నారింజ తోటల మీద పెద్ద ఫ్రాస్ట్ పడింది. కాయలు పోయాయి, ఆకులు రాలాయి, చెట్లు మాత్రం చాలావరకు బతికాయి. తరువాత జనవరి అంతా వెచ్చగా గడిచింది. చెట్లు ఇక చలి పోయిందనుకుని రసం ఎక్కించి కొత్త చిగుళ్ళు వేశాయి. 1895 ఫిబ్రవరి మొదటి వారం దాటగానే రెండో ఫ్రాస్ట్ వచ్చింది. ఈసారి కాండాలు నేలమట్టం దాకా చచ్చాయి, తోటల వాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. మొదటి దెబ్బకు బతికిన చెట్టు రెండో దెబ్బకు ఎందుకు చచ్చింది? రెండోసారి అది మేలుకుని ఉంది కాబట్టి.

అంత దూరం ఎందుకు, నా సంగతే చెబుతాను. మా అబ్బాయి ఇంట్లో నేను నాటిన మొదటి చెట్టు జపాన్ పర్సిమన్. చక్కగా ఎదిగింది. ఆగస్టు వచ్చింది. వానలు పడ్డాక చెట్టుకు పిడికెడు యూరియా వేయడం నా చేతికి అలవాటు; మా నాన్నగారు వేసేవారు, నేనూ వేశాను. చెట్టు సెప్టెంబరంతా లేత చిగుళ్ళు తీసింది, చూసినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయాను. అక్టోబరు నెలాఖరున మొదటి ఫ్రాస్ట్ పడిన మర్నాడు వెళ్ళి చూస్తే, ఆ చిగుళ్ళు నూనెలో వేయించి తీసిన పాలకూరలా వేలాడుతున్నాయి. గోటితో గీకితే బెరడు కింద పచ్చగా ఉండాల్సిన పొర టీ రంగులో ఉంది. ఆ చలికాలంలో చెట్టు అంటు దాకా చచ్చిపోయింది. నాలుగు ఇళ్ళ అవతల అదే రకం చెట్టు, అదే ఏడాది నాటినది, ఎవరూ యూరియా వేయని చెట్టు, మైనస్ 14 డిగ్రీలు తట్టుకుని వసంతంలో ఆకు వేసింది. నా చెట్టు చచ్చింది మైనస్ 14 దగ్గర కాదు, సున్నాకు రెండు డిగ్రీల కింద. అక్కడ జూన్ దాటాక యూరియా వంటి నత్రజని ఎరువు ముట్టుకోకూడదు. ఈ ఒక్క మాట రాసుకోండి.

అమెరికా వ్యవసాయ శాఖ దేశాన్ని 13 మండలాలుగా విడదీసి ఒక పటం వేసింది. ఏడాదిలో అతి చల్లని రాత్రి సగటున ఎంత అనేదే దానికి ఆధారం. న్యూజెర్సీ నడిమి భాగం 7వ మండలం, అంటే మైనస్ 18 నుంచి మైనస్ 12 వరకు. 2023లో కొత్త పటం ఇచ్చారు. 1991 నుంచి 2020 వరకు ఉన్న లెక్కలతో గీసినది అది, దేశంలో దాదాపు సగం ప్రాంతం పాత పటంతో పోలిస్తే అర మండలం వెచ్చబడినట్టు కనిపించింది. పటం మంచిదే. కానీ అది ఒక్క రాత్రి సంగతే చెబుతుంది. వసంతంలో చివరి ఫ్రాస్ట్ ఎప్పుడో, వేసవి ఎంత వేడో చెప్పదు. లండన్ శీతాకాలం న్యూజెర్సీకన్నా ఎంతో మెత్తన. అయినా అక్కడ పర్సిమన్ పండడం కష్టం, వేసవిలో వేడి చాలదు కాబట్టి. ఇంగ్లండులో పిల్లలున్నవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

సరే, చుట్టాల దగ్గరికి వద్దాం. అన్నిటికన్నా ముందు నాకు ఇష్టమైనది.

సీతాఫలం కుటుంబం పేరు అనోనేసీ. ఆ కుటుంబంలో రెండు వేలకు పైగా జాతులు ఉన్నాయి, దాదాపు అన్నీ వేడిదేశాలవే. ఒక్క శాఖ మాత్రం ఎప్పుడో ఉత్తర అమెరికాలో ఉండిపోయి, చలి నేర్చుకుని, ఆకు రాల్చడం నేర్చుకుని, మైనస్ 25 డిగ్రీలను కూడా తట్టుకునే చెట్టయింది. దాని పేరు పాపా. బొప్పాయిని కూడా కొందరు ఇంగ్లీషులో ఇంచుమించు ఇదే పేరుతో పిలుస్తారు, ఆ గందరగోళంలో పడకండి. దీనికీ బొప్పాయికీ ఏ చుట్టరికమూ లేదు. నది ఒడ్డు అడవుల్లో పెద్ద చెట్ల నీడన పొదలుగా పెరుగుతుంది. 1806 సెప్టెంబరులో లూయిస్, క్లార్క్ బృందం పడమటి సముద్రం చూసి తిరిగివస్తూ, తిండి అయిపోతే మిసోరీ నది వెంట ఈ పండ్లు తిని గడిపింది. కెంటకీ స్టేట్ యూనివర్సిటీలో ఈ ఒక్క పండు మీదే ప్రత్యేకంగా పరిశోధన జరుగుతోంది.

మొదటిసారి ఒక రైతుబజారు వంటి చోట ఈ పండు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు చిన్న రసం మామిడి గుర్తుకు వచ్చింది, ఆకారం అది. పలచని ఆకుపచ్చ తోలు, అక్కడక్కడ నల్లమచ్చలు. సీతాఫలం లాగా కళ్ళు లేవు. మధ్యకు కోస్తే లోపల పసుపు రంగు గుజ్జు, రెండు వరసల్లో చిక్కుడు గింజలంత పెద్ద గింజలు. చెంచాతో తీసి నోట్లో పెట్టుకుంటే అరటిపండు, మామిడి, సీతాఫలం మూడూ కలిపి మీగడలో చిలికినట్టుంది. ఇసకలాగా పంటికి తగిలే సీతాఫలపు పలుకు మాత్రం లేదు. మరి ఇంత మంచి పండు దుకాణాల్లో ఎందుకు లేదు? మన సీతాఫలానికి ఉన్న జబ్బే దీనికీ ఉంది కాబట్టి. ముగ్గిన రెండు మూడు రోజుల్లో నల్లబడి కారిపోతుంది. దసరా తరువాత బుట్టలో సీతాఫలాలు తెచ్చుకుని, రోజూ పొద్దున ఏది మెత్తబడిందో నొక్కి చూసే మన ఇళ్ళకు ఇది కొత్త కష్టం కాదు. కావాలంటే పెరట్లో పెంచుకోవలసిందే, వేరే దారి లేదు.

పువ్వు చూస్తే చుట్టరికం ఇంకా తెలుస్తుంది. మూడు లెక్కన రేకులు, కిందికి వేలాడే పువ్వు. రంగు మాత్రం ముదురు వంగపండు రంగు. ఏప్రిల్‌లో ఆకుల కన్నా ముందే పూస్తుంది. సీతాఫలంలోలాగే ఇందులోనూ పువ్వు ముందు ఆడదిగా ఉంటుంది, ఆ తరువాతనే పుప్పొడి వదులుతుంది. పైగా ఒక చెట్టు పుప్పొడి అదే చెట్టుకు సాధారణంగా పనికిరాదు. అందుకని రెండు వేరు రకాల చెట్లు దగ్గరదగ్గరగా ఉండాలి. తేనెటీగలు దీని దగ్గరకు రావు. ఈగలు, చిన్న పురుగులు వస్తాయి, పువ్వు వాసన కూడా వాటికి నచ్చేటట్టే ఉంటుంది. ఈగలు రావాలని కొందరు చెట్టుకు మాంసం ముక్కలు వేలాడదీస్తారట. మా కోడలు ఆ మాట వినగానే నా వైపు చూసిన చూపు చాలు. నేను నీటిరంగుల బ్రష్షు పట్టుకుని, ఒక చెట్టు పుప్పొడి గిన్నెలో దులుపుకుని, రెండో చెట్టు కీలాగ్రాల మీద రాస్తాను. మన దగ్గర సీతాఫలం తోటల్లోనూ చేత్తో పరాగసంపర్కం చేసేవారు ఉన్నారు, పని అదే.

విత్తనం నుంచి అయితే కాపుకు ఐదు నుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది, అంటు అయితే మూడు నాలుగేళ్ళు. మన వయసుకు అంటు మొక్కే మంచిది, ఎందుకు అని అడగకండి. విత్తనమే నాటాలనుకుంటే దాన్ని ఎండనివ్వకూడదు. మనం గింజ అనగానే కడిగి ఎండలో ఆరబెడతాం. ఈ గింజ ఎండితే చచ్చింది. తడి నాచులోనో తడి ఇసకలోనో వేసి, కవరులో కట్టి, ఫ్రిజ్ కింది అరలో మూడు నెలలు ఉంచాలి. విత్తనానికి కూడా చలి లెక్క కావాలి, లేకపోతే అది లేవదు. మొలక వచ్చాక మొదటి రెండేళ్ళు నీడలో పెంచాలి, నేరుగా ఎండ తగిలితే మాడిపోతుంది. ఆ తరువాత ఎండ ఎంత ఎక్కువ ఉంటే కాపు అంత. తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి ఒకసారి నాటాక పీకి మార్చే పని పెట్టుకోవద్దు. ఇంకో సుగుణం ఉంది: జింకలు దీని ఆకు ముట్టవు. న్యూజెర్సీలో జింకలు మన వీధి ఆవుల్లా తిరుగుతాయి, ఆ బాధ పడినవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. సీతాఫలం గింజల పొడి తలలో పేలకు వాడతారు కదా, ఆ జాతి విష పదార్థాలు ఈ చెట్టులోనూ ఉన్నాయి. గింజ, తోలు తినకూడదు. గుజ్జు కూడా కొందరికి వికారం కలిగిస్తుంది. మొదటిసారి రెండు చెంచాలు తిని చూడండి, రోజూ అదే పనిగా తినకండి.

రెండో చుట్టం తునికి తరపుది. బీడీ ఆకు ఇచ్చే తునికి చెట్టు, దాని పండు, ఇక్కడ అడవి పక్క ఊళ్ళవారికి తెలుసు. పర్సిమన్ అదే ప్రజాతి, డయోస్పైరాస్. ఇందులో ఇద్దరు ఉన్నారు. అమెరికా అడవి పర్సిమన్ చిన్న కాయ, మైనస్ 25 దాటినా చలించదు. తూర్పు ఆసియాది పెద్ద కాయ, దాన్ని జపాన్‌లో కాకి అంటారు. కాకి పండు తింటావా తాతా అని మా మనవడు నన్ను ఆటపట్టిస్తాడు. అది 7వ మండలానికి సరిహద్దులో నిలబడే చెట్టు. క్రిమియాలోని నికిత వృక్షోద్యానంలో ఈ రెంటినీ కలిపి సంకరాలు తీశారు, రొస్సియాంకా అని ఒక రకం వాటిలోదే. అది అమ్మ చలిని, నాన్న తీపిని కొంత కొంత తీసుకుంది. పచ్చి తునికి కొరికితే నాలుక ఎలా పట్టేస్తుందో తెలుసు కదా, వీటిలో చాలావాటికి అదే వగరు. కారే దాకా ముగ్గితే ఆ వగరు పోతుంది. ఓ అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెడితే త్వరగా ముగ్గుతుంది. ఫుయూ అనే రకం ఒకటి గట్టిగా ఉన్నప్పుడే జామకాయలా కోసుకు తినవచ్చు.

మూడోది రేగు. వచ్చే వారం భోగి, కాబట్టి దీనికి రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాను. మన రేగు చలికి ఆగదు. చైనా రేగు, జుజుబే, మైనస్ 20 డిగ్రీలలోనూ నిక్షేపంగా ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ కోసం చైనా అంతా కాలినడకన తిరిగిన ఫ్రాంక్ మేయర్ అనే ఆయన 1908లో మంచి రకాలను ఆ దేశానికి చేర్చాడు. మేయర్ నిమ్మ అని మనవాళ్ళు కుండీల్లో పెంచుకునేది కూడా ఆయన పంపినదే, ఆ ఏడాదే. ఈ చెట్టు తెలివి చూడండి. చుట్టూ చెట్లన్నీ ఏప్రిల్‌లో చిగురిస్తే ఇది మే వరకు ఎండుకట్టెలా నిలబడి ఉంటుంది. చచ్చిందనుకుని పీకేసినవారు ఉన్నారు. మే నెలలో ఆకు వేసి, కొత్త కొమ్మ మీద పువ్వు తీసి, వారాల తరబడి పూస్తుంది. ఏ ఫ్రాస్ట్ దీన్ని పట్టుకోగలదు? నేను పదేపదే అంటున్నది ఇదే: ఈ చెట్టు చలిని గెలవడం లేదు, చలి వెళ్ళిపోయేదాకా పడుకుంటోంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కాయ. లీ అనే రకం గుండ్రంగా, పచ్చిగా తినడానికి బాగుంటుంది. లాంగ్ అనేది ఎండబెట్టడానికి. ఎండబెట్టినవి జనవరి దాకా ఉంటాయి. మా మనవరాలికి మూడేళ్ళప్పుడు చెరకు ముక్కలు దొరకలేదు గానీ పెరటి రేగుపళ్ళతోనే భోగిపళ్ళు పోశాం. అవి కోడిగుడ్డులో సగమంత ఉంటాయి కాబట్టి చిన్నగా కోసి పోయవలసి వచ్చింది, లేకపోతే పిల్ల తల బొప్పికట్టేది. దీనికి మండే వేసవి ఉండాలి, లేకపోతే కాయదు. ముళ్ళున్న పిలకలు వేస్తుంది, వాటిని ఎప్పటికప్పుడు తీసేయాలి.

నిమ్మజాతి విషయంలో మీ ఆశ మీద కొంచెం నీళ్ళు చల్లాలి. తెనాలి నిమ్మకాయ అక్కడ నేలలో బతకదు. నిమ్మజాతిలో ఆకు రాల్చి చలిని తట్టుకునే చుట్టం ఒకటే, మూడాకుల నారింజ. మారేడు దళంలా మూడేసి ఆకులు, వేలెడు ముళ్ళు, మైనస్ 20కి కూడా లొంగదు. కాయ మాత్రం చేదు, జిగురు, నోట పెట్టలేం. ఫ్లోరిడా దెబ్బ చెప్పాను కదా, అది తిన్నాక వాల్టర్ స్వింగిల్ అనే శాస్త్రవేత్త ఈ మూడాకుల దానితో బత్తాయిని సంకరం చేసి, చలికి ఆగే తీపి నారింజ తీయాలని చూశాడు. చలికి ఆగింది, తీపి రాలేదు. కానీ ఆ సంకరాలు, ట్రాయర్, కరీజో వంటివి, వేరు మొక్కగా ప్రపంచమంతా పాకాయి. మనం రంగపూర్ నిమ్మ వేరు మీద బత్తాయి అంటు కట్టినట్టు వాళ్ళు వాటి మీద కడతారు. న్యూజెర్సీ చలిలో మీకు నిమ్మకాయ కావాలంటే కుండీలో పెట్టి, చలికాలం ఇంట్లో కిటికీ దగ్గర ఉంచడమే మార్గం. కుండీ చెట్లన్నిటికీ ఒక మాట: వేరుకు కాండానికి ఉన్న ఓపిక ఉండదు. నేలలో మైనస్ 18కి నిలబడే చెట్టు కుండీలో అంత చలికి పోతుంది, ఎందుకంటే కుండీ నలువైపులా చల్లబడుతుంది.

అంజూరం మన మేడి చెట్టు చుట్టమే. న్యూయార్కు, న్యూజెర్సీల్లో ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు దీన్ని తరాలుగా కాపాడుకుంటున్నాయి. శీతాకాలానికి ముందు కొమ్మలన్నీ దగ్గరకు కట్టి, పాత కంబళ్ళు, టార్పాలిన్ చుట్టి, నెత్తిన ఒక బకెట్టు బోర్లిస్తారు. కొందరు ఒక వైపు వేళ్ళు తెగ్గొట్టి, చెట్టును గోతిలోకి వంచి, మట్టి కప్పి, వసంతంలో మళ్ళీ లేపుతారు. చికాగో హార్డీ అనే రకానికి అంత సేవ అక్కర్లేదు. పైన చచ్చినా వేరు నుంచి లేచిన కొత్త కొమ్మ మీద అదే ఏడాది కాయ కాస్తుంది.

దానిమ్మలో తుర్క్‌మెనిస్తాన్ నుంచి వచ్చిన సలవాత్‌స్కీ వంటి రకాలు 7వ మండలంలో ప్రయత్నించదగినవి. చిన్న కివీ తీగ చలికి ఉక్కులాంటిది, ఆడ మగ తీగలు రెండూ ఉండాలి. జపాన్ అరటి దుంప మీద ఆకులు కప్పితే న్యూజెర్సీలో బతుకుతుంది. పండు పనికిరాదు గానీ వ్రతానికి ఆకు, పిలక దొరుకుతాయి, ఆ మాత్రం చాలు కదా. లోకాట్ జోలికి మాత్రం పోవద్దు. చెట్టు మైనస్ 11 దాకా ఆగుతుంది, అది నిజమే. కానీ ఆ మహాతల్లి పూసేది శరత్కాలంలో. లేత కాయ మైనస్ 4కే పోతుంది. ఏళ్ళ తరబడి నిండుగా ఆకులు చూసుకుంటూ ఒక్క పండు తినకుండా గడపాలి. చలికి ఆగే చెట్టు అని అమ్మేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, సగం చెప్తున్నారు.

ఎక్కడ నాటాలి? చల్లగాలి నీళ్ళ వంటిది, పల్లానికి పారుతుంది. పెరట్లో పల్లం మూల, లేదా వాలుకు అడ్డంగా చెక్క కంచె ఉంటే కంచెకు ఎగువ, చల్లగాలి చెరువులా నిలుస్తుంది. అక్కడ పెట్టకండి. దక్షిణం చూసే గోడ పగలు వేడి దాచుకుని రాత్రి వదులుతుంది. అంజూరం, రేగు, దానిమ్మ అక్కడికి. అదే గోడ తొందరగా పూసే చెట్టుకు హాని చేస్తుంది, ఎందుకంటే ఫిబ్రవరి ఎండకే దాన్ని నిద్ర లేపేస్తుంది. పాపాను నేను తూర్పు వైపు, కొంచెం మిట్టన పెట్టాను. ఇంకో చిన్న సంగతి. మన రోడ్ల మీద చెట్లకు సున్నం, ఎర్రమట్టి పట్టీలు వేస్తారు చూశారా? అక్కడ శీతాకాలంలో లేత కాండాలకు తెల్లరంగు పూయడం పట్టీల సోకు కోసం కాదు. జనవరి మధ్యాహ్నం ఎండకు బెరడు వేడెక్కి మేలుకుంటుంది, సూర్యుడు దిగగానే ఒక్కసారిగా గడ్డకట్టి నిలువునా చీలుతుంది. తెల్లరంగు ఎండను తిప్పికొడుతుంది. మొదలు చుట్టూ చెక్కపేళ్ళు నాలుగు అంగుళాలు పరవండి, కాండానికి మాత్రం జానెడు దూరంలో ఆపండి, లేకపోతే ఎలుకలు వాటి కింద చేరి చలికాలమంతా బెరడు తింటాయి.

చివరగా సూట్‌కేసు సంగతి. ఇక్కడి నుంచి మొక్కలు, గింజలు పత్రాలు లేకుండా తీసుకుపోవద్దు. కరివేపాకు అసలే వద్దు. నిమ్మజాతిని చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగుకు కరివేప ఇష్టమైన ఇల్లు. ఆ తెగులు 2005లో ఫ్లోరిడాలో బయటపడి అక్కడి నారింజ తోటలను ఎంత దెబ్బ తీసిందో చూశాక, అధికారులు మన సంచిలో రెండు రెమ్మల కోసం ఎందుకు వెతుకుతారో నాకు అర్థమైంది. నేను చెప్పిన చెట్లన్నీ అక్కడి నర్సరీల్లోనే దొరుకుతాయి. చాలావాటిని ఆకు లేకుండా, వేళ్ళకు మట్టి లేకుండా, మార్చి నెలలోనో ఏప్రిల్‌లోనో ఇంటికి పంపుతారు. వాటికి ఆర్డరు పెట్టే కాలం ఇదే, జనవరి. ఆలస్యమైతే మంచి రకాలు అయిపోతాయి.

ఇప్పుడు మన గడియారం ఏడున్నర, న్యూజెర్సీలో ఉదయం తొమ్మిది. ఇంటికి వెళ్ళగానే ఫోన్ చేసి, ఏ చెట్టు కావాలి అని అడగకండి. ఈసారి స్నో పడ్డాక పెరట్లో అది ముందుగా ఎక్కడ కరిగింది, ఆఖరున ఎక్కడ మిగిలింది, ఆ రెండు చోట్లూ ఫోటో తీసి పంపమని చెప్పండి. ముందు కరిగిన చోట అంజూరం, రేగు. ఆఖరున మిగిలిన చోటు పల్లమైతే ఏమీ పెట్టవద్దు. పల్లం కాకుండా కేవలం నీడ వల్ల మిగిలి ఉంటే, పాపా మొలకలకు అదే సరైన జాగా.